మాన్యువల్ మావయ్య

మాన్యువల్ మావయ్యకి ఉన్నది ఒకే ఒక్క పిచ్చి. ఏ వస్తువైనా సరే, దాంతో వచ్చిన మాన్యువల్ అట్ట నుంచి అట్ట దాకా చదివితే తప్ప బటన్ మీద వేలు పెట్టడు, ఇంకొకరిని పెట్టనివ్వడు. మాన్యువల్ లేకుండా వచ్చిన వస్తువుని అసలు వస్తువుగానే లెక్కచెయ్యడు. ఆ పేరు పెట్టింది మేనకోడలు. ఇంట్లో పుట్టిన పేరు వీధంతా పాకి, ఇప్పుడు కొరియర్ తెచ్చేవాళ్ళు కూడా గేటు దగ్గర నిలబడి "మాన్యువల్ మావయ్యగారూ!" అనే పిలుస్తారు. సొంత పేరు జీతం చీటీ మీద తప్ప ఇంకెక్కడా మిగల్లేదు.

అక్కకి మాత్రం అతను ఒట్టి తమ్ముడే. ఆవిడ కళ్ళజోళ్ళ షాపులో కళ్ళు పరీక్షచేసి అద్దాలు బిగిస్తుంది. తమ్ముడు లిఫ్టులు బాగుచేస్తాడు. నలభై ఏళ్ళొచ్చినా అక్కావాళ్ళింటి మేడ మీద గదిలోనే మకాం. ఆ గదిలో ఒక గోడకి మంచం, మిగతా మూడు గోడలకీ నేల నుంచి కప్పు దాకా వీడియో గేముల మాన్యువళ్ళు. గేములు కావండోయ్, మాన్యువళ్ళే.

పోయినేడాది ఇంట్లోకి కొత్త వాషింగ్ మెషిన్ వచ్చింది. వచ్చినవాడు బిగించి వెళ్ళాడు. తమ్ముడు దాని ముందు కుర్చీ వేసుకుని పుస్తకం తెరిచాడు. ఒక రోజయింది, రెండు రోజులయింది. ఉతకాల్సిన బట్టలు బుట్ట దాటి నేల మీదకి దిగాయి.

"ఏంట్రా, ఇంకా ఎన్ని పేజీలు?" అంది అక్క.

"నలభై రెండులో ఉన్నానక్కా. యంత్రాన్ని ఓడల్లో వాడరాదంటున్నాడు."

"మనం ఓడలో లేం కదరా!"

"లేమని నీకు తెలుసు, నాకు తెలుసు. రాసినవాడికి తెలీదుగా పాపం. అంత దూరం ఆలోచించి జాగ్రత్త చెప్పాడు. చదవకపోతే ఏం మర్యాద?"

అక్క మొగుడు, అంటే తమ్ముడికి బావ, మూడోరోజు కూడా అదే చొక్కా తొడుక్కుంటూ, "ఏవయ్యా, చొక్కాకి మాన్యువల్ ఉందా? మూడోరోజు వేసుకోవచ్చో లేదో చూసి చెప్పు" అన్నాడు. తమ్ముడు తల కూడా ఎత్తకుండా, "కాలర్ లోపల చీటీ కుట్టి ఉంటుంది బావా, చదువు" అన్నాడు.

ఉద్యోగంలోనూ ఇదే తంతు. ఒకసారి ఏదో భవనంలో నాలుగో అంతస్తుకీ ఐదోదానికీ మధ్య లిఫ్టు ఆగిపోయి ముగ్గురు ఇరుక్కుపోయారు. మనవాడు వెళ్ళి, తలుపు సందులోంచి తొంగిచూసి, సంచీలోంచి పుస్తకం తీశాడు.

"పేజీ ముప్పై ఒకటి. ప్రయాణికులు ఆందోళన చెందరాదు."

"అయ్యా, ముందు తలుపు తియ్యండి!"

"తీస్తానండీ. కానీ వరుసలో మొదటిది మీ ఆందోళన, నాలుగోది నా తలుపు. మీరు మొదటిది పూర్తిచేస్తే నేను నాలుగోదానికి వస్తాను."

లోపల ఉన్న పెద్దాయనకి ఒళ్ళు మండి తిట్లు లంకించుకున్నాడు. అయితేనేం, తిట్టే ఊపులో భయం కాస్తా మర్చిపోయాడు. తలుపు తీశాక ముగ్గురూ నవ్వుతూ బయటికొచ్చారు. "చూశావా అక్కా, పుస్తకం రాసినవాడు పిచ్చాడు కాడు" అని ఆ మాట నెల్లాళ్ళు చెప్పుకు తిరిగాడు.

పెళ్ళి సంగతి కూడా ఇందులోనే కొట్టుకుపోయింది. ఎవరో చెబితే, బ్యాంకులో పనిచేసే ఒకావిడని కాఫీ షాపులో కలిశాడు. "మీరు కొత్త ఫోన్ కొంటే ముందు ఏం చేస్తారండీ?" అని అడిగాడట. "సెల్ఫీ తీసుకుంటాను" అందట ఆవిడ. అంతే, ఇద్దరూ మర్యాదగా కాఫీ తాగి ఎవరి దారిన వాళ్ళు వచ్చేశారు.

ఇక ఇప్పటి గేముల గురించి కదిపితే చాలు, మావయ్య గంట దాకా ఆగడు. "డబ్బా తెరిస్తే ఏముంటుందక్కా? ఓ చీటీ, దాని మీద నాలుగు నలకలున్న చదరం. ఫోన్‌తో దాన్ని ఫొటో తియ్యమంటాడు. తీస్తే పేజీ దొరకలేదంటాడు. ఆట పెడితే, అప్‌డేట్ వస్తోంది, రేపు రమ్మంటాడు. ఇల్లు కొనుక్కుని సామానుతో వెళితే తలుపులు ఇంకా చెక్కుతున్నాం అన్నట్టు! పోనీ మొదలైందా, 'నడవడానికి ఈ బటన్ నొక్కండి' అని వేలు పట్టుకుంటాడు. నాకు నడక మా అమ్మ నేర్పింది. మధ్యలో వీడెవడు?"

అయినా ప్రతి కొత్త గేమూ కొంటాడు. ఆడతాడు, తిడతాడు, మళ్ళీ ఆడతాడు. వైర్లు లేని ఇయర్‌ఫోన్లు కొన్నప్పుడు పదకొండు రోజులు డబ్బా సీలు విప్పలేదు. ఎక్కడో తవ్వి తవ్వి ఎనభై నాలుగు పేజీల మాన్యువల్ పట్టుకుని, ప్రింటు తీయించి, బైండు కూడా చేయించి, అప్పుడు చెవిలో పెట్టుకున్నాడు.

ఆన్‌లైన్ వీడియోలంటే మరీ మంట. "ఒక్క ముక్కలో చెప్పాల్సిందానికి పద్నాలుగు నిమిషాలా! హాయ్ అంటాడు, లైక్ అంటాడు, గంట కొట్టమంటాడు. అదేమన్నా బడా?" అని రుసరుసలాడుతూనే ప్రతి వీడియో చివరి దాకా చూసి కింద రాసేవాడు: "జవాబు పదకొండు నిమిషాల నలభై సెకన్ల దగ్గర ఉంది. మిగతాదంతా వారి ఇంటి విశేషాలు." వీడియోకంటే ఆ కామెంట్‌కే ఎక్కువ లైకులు పడేవి. మావయ్య జవాబు చూడకుండా వీడియో తెరవని జనం తయారయ్యారు.

ఇంత గోలలోనూ ఒక్కోసారి గొంతు మెత్తబడేది. "పూర్వం ఆట కొని బస్సెక్కి, కిటికీ పక్కన కూర్చుని, మాన్యువల్ చదువుకుంటూ ఇంటికొచ్చేవాళ్ళట. ఆట ఇంకా మొదలవలేదు కదా, అప్పుడే అదంతా మనది. ఆ గంట ఎంత బాగుంటుందో కదక్కా!" అంటూ కిటికీలోంచి చూసేవాడు. పాత రోజుల మీద బెంగ పెట్టుకున్నాడు పిచ్చినాగన్న, అనుకునేది అక్క.

ఆ కామెంట్ల పుణ్యమా అని ఒకమ్మాయి ఫోన్ చేసింది. పాత గేముల మీద ఛానల్ నడుపుతుందట. ఆ అమ్మాయి వీడియోల కింద కూడా మావయ్య నిమిషాలూ సెకన్లూ రాశాడట. కోపం తెచ్చుకోవాల్సింది పోయి, ఆ అమ్మాయి మీ మాన్యువళ్ళు చిత్రీకరిస్తాను సార్ అంది. ఆదివారం పొద్దున్నే కెమెరాతో, ఒక పెద్ద సంచీతో దిగింది. మావయ్య ఇస్త్రీ చొక్కా వేసుకుని, మాన్యువళ్ళు కిందకి తెచ్చి హాల్లో పరిచి, ముందుగా ఆ కెమెరా మాన్యువల్ అడిగి పుచ్చుకున్నాడు. అది చదవడానికే గంట పట్టింది.

"మొట్టమొదటి మాన్యువల్ ఏది సార్?" అని అడిగింది ఛానలమ్మాయి.

మావయ్య నోరు తెరిచేలోగా అక్క ఒక నలిగిన పుస్తకం చేతిలోకి తీసుకుని అందుకుంది. ఈ కథ చెప్పడమంటే ఆవిడకి ఎక్కడలేని గర్వం. "అది నేను కొనిచ్చిందమ్మా! అప్పుడు నాకు పద్నాలుగు, వీడికి తొమ్మిది. పక్కింటివాళ్ళకి టీవీ గేము ఉండేది. సొంత క్యాసెట్ తెచ్చుకుంటే ఆడనిస్తామన్నారు. వీడు ఏడు దీవుల ఆట కావాలని కలవరించేవాడు, నిద్దట్లో కూడా. నేను బడికి బస్సు మానేసి ఆర్నెల్లు నడిచాను. పాత సామాన్ల సందులో డబ్బా దొరికింది. తెచ్చి విప్పితే ఏముంది? లోపల ఈ పుస్తకమూ, బరువు కోసం పెట్టిన అట్టముక్కా. క్యాసెట్ లేదు! మర్నాడు వెళితే ఆ అమ్మినవాడూ లేడు."

"అయ్యో! మరి సార్ ఏడ్చారా?"

"వీడా? ఏడుపు నాది! వీడు డబ్బాలోకి చూశాడు, నా మొహంలోకి చూశాడు, పుస్తకం పట్టుకుని గంతులేశాడు. 'అక్కా, మాన్యువల్ ఉందే! అసలు ముఖ్యం ఇదే కదా, క్యాసెట్ ఎవడైనా ఆడతాడు' అన్నాడు. ఇంక చూస్కో, నేను చదవడం, వీడు మెట్ల మీద దీవులు గెంతడం. పక్కింటి గడప మళ్ళీ తొక్కితే ఒట్టు. అప్పుడు పట్టిందమ్మా ఈ పిచ్చి. మంచిదే అయింది, కొన్నందుకు నాకు బాధ లేకుండా పోయింది."

"తర్వాతైనా ఆ క్యాసెట్ కొనుక్కోలేదా సార్?"

"ఎందుకమ్మా?" అన్నాడు మావయ్య, ప్రశ్న పూర్తయ్యీ కాకుండానే.

ఛానలమ్మాయి నవ్వి, సంచీలోంచి ఒక పాత గేము యంత్రాన్నీ, దాని పక్కన బూడిదరంగు క్యాసెట్‌నీ తీసి బల్ల మీద పెట్టింది. దాని మీద ఏడు దీవుల బొమ్మ. "మీకోసం వెతికి తెచ్చాను సార్. పనిచేస్తుంది."

మావయ్య చేతులు వెనక్కి కట్టుకున్నాడు. "వద్దమ్మా. మాన్యువల్ చదివినవాడికి క్యాసెట్‌తో పనేముంది?"

"ఆడరా, అమ్మాయి అంత శ్రమపడి తెచ్చింది" అంది అక్క.

"బాగుండదక్కా."

"చూడకుండానే బాగుండదని మాన్యువల్లో రాశాడా?" అంటూ బావ అప్పటికే టీవీకి వైర్లు తగిలించేశాడు. ఈ ఇంట్లో చదవకుండా బటన్ నొక్కే అవకాశం ఆయనకి ఏళ్ళ తర్వాత దొరికింది.

తెర మీద సముద్రం వచ్చింది. చిన్న మనిషి, చేతిలో లాంతరు, ఒడ్డున ఒక పీత. మావయ్య రిమోట్ అందుకుని, "ఇదిగో, ఐదో పేజీలో చెప్పినట్టే, ఇది గెంతడానికి, ఇది లాంతరు ఎత్తడానికి" అన్నాడు. వేళ్ళు ఎక్కడా తడుముకోలేదు. బొమ్మ గెంతింది. లాంతరు ఎత్తింది. దీవి అంతా వెలుగొచ్చింది. మావయ్య తెర ముందుకి కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.

అక్క అతని మొహం చూసింది. ఆ మొహం ఆవిడకి కొత్త కాదు. షాపులో కుర్చీలో కూర్చున్నవాళ్ళు, నాకేం, బాగానే కనబడుతోంది అని దబాయిస్తూ ఉంటారు. సరైన అద్దం వేయగానే దూరాన అక్షరాలు తేటపడతాయి. అప్పుడు వాళ్ళ పెదాలు విడిపోతాయి, వయసు ఎటో పోతుంది. ఇన్నాళ్ళూ తమకేం కనబడలేదో ఆ క్షణంలోనే వాళ్ళకి తెలుస్తుంది. తన తమ్ముడు ఇప్పుడు అలాగే కూర్చున్నాడు.

అక్కకి అప్పుడు తట్టింది. వీడికి క్యాసెట్టే కావాలి! ఆనాడూ కావాలి, నిన్నా కావాలి. తొమ్మిదేళ్ళ వెధవ, ఏడుస్తున్న అక్కని ఊరుకోబెట్టడానికి ఒక మాట అనేశాడు. అన్న మాట నిలబెట్టుకోవడానికి ముప్పై ఒక్క ఏళ్ళు మాన్యువళ్ళు పోగేశాడు, మూడు రోజులు బట్టలు ఉతకనివ్వలేదు, ఇయర్‌ఫోన్ల డబ్బా ముందు పదకొండు రోజులు తపస్సు చేశాడు. ఆ క్యాసెట్ ఎప్పుడో కొనుక్కోగలడు. కొంటే ఇంటికి తేవాలి, తెస్తే అక్క కంట్లో పడుతుంది, పడితే ఆనాటి డబ్బా ఖాళీదని ఒప్పుకున్నట్టవుతుంది. అందుకని కొనలేదు. దొంగవెధవ, ఎంత పని చేశాడు! ఆవిడకి వాణ్ణి చాచిపెట్టి ఒకటి కొట్టాలనిపించింది. దగ్గరికి లాక్కుని తల నిమరాలని కూడా అనిపించింది.

అక్క చూస్తోందని మావయ్య పసిగట్టాడు. ఉలిక్కిపడి రిమోట్ బల్ల మీద పెట్టేశాడు. "చెప్పానా అక్కా, ఏం లేదు ఇందులో" అన్నాడు. "మాన్యువలే నయం."

గదిలో అందరూ అక్క వైపు చూశారు. ఇప్పుడు కంటతడి పెడితే వీడి ముప్పై ఒక్క ఏళ్ళ కష్టం బూడిదలో పోసినట్టే. ఆవిడ కళ్ళజోడు తీసి, పమిటతో తీరిగ్గా తుడుచుకుని, మళ్ళీ పెట్టుకుని తెరకేసి చూసింది.

"నిజమేరా. ఇదేం ఆట, నా మొహం! ఆ పీతకి కాళ్ళు కూడా సరిగ్గా లేవు. పుస్తకంలో బొమ్మ ఎంత ముద్దుగా ఉంటుంది!"

మావయ్య గుండెల నిండా గాలి పీల్చుకున్నాడు. "అదే కదా నేను మొదట్నుంచీ చెప్పేది."

ఛానలమ్మాయి మొహం వాడిపోయింది. వైరు పీకడానికి చెయ్యి చాపింది.

"ఉండమ్మా, తియ్యకు" అంది అక్క, కుర్చీ తెరకి దగ్గరగా లాక్కుంటూ. "ఎంత బాగోలేదో పూర్తిగా చూడాలి కదా. రెండో దీవికి పదరా."

"రెండోది ఇంకా ఘోరంగా ఉంటుందేమో అక్కా."

"ఘోరంగా ఉంటే ఇద్దరం కలిసి తిట్టుకుందాం. పద."

రెండో దీవి అయింది, మూడోది మొదలైంది. తిండి మాట ఎవరికీ గుర్తురాలేదు. అక్క ప్రతి పీతనీ, ప్రతి కెరటాన్నీ తిట్టిపోసింది. "ఎడమకి, ఎడమకిరా! ఛీ, ఎంత చెత్త ఆట, గెంతు!" అని మధ్యలో లేచి నిలబడింది కూడా. మావయ్య ఆవిడకంటే గట్టిగా తిట్టాడు. తిడుతున్నంతసేపూ మొహం వెలిగిపోతూనే ఉంది. బావకి ఏమీ అర్థంకాలేదు. ఛానలమ్మాయికి మాత్రం అర్థమైంది. కెమెరా ఎప్పుడో కట్టేసి, గోడకి చేరబడి కూర్చుంది.

సాయంత్రం లేచి సంచీ సర్దుకుంటూ ఆ అమ్మాయి నెమ్మదిగా అడిగింది. "మరి క్యాసెట్..."

"ఇంకా నాలుగు దీవులున్నాయమ్మా. అవెంత దరిద్రంగా ఉన్నాయో తేల్చకుండా ఎలా ఇచ్చేస్తాం?" అంది అక్క.

"సరే ఆంటీ. తేల్చి ఉంచండి, వారం తర్వాత వచ్చి తీసుకెళ్తాను."

మావయ్య తెర మీంచి చూపు తిప్పకుండానే అన్నాడు. "వారం ఏం సరిపోతుందమ్మా, ఇంత చెత్తకి!"