ఓడెక్కే ముందు రాసిచ్చిన పాస్‌వర్డ్

మా మేనేజరును తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. ఈ మాట చెప్పడానికి నాకేం మొహమాటం లేదు.

డిగ్నాబాద్‌లో ఉంటూ, దీవుల మధ్య తిరిగే పడవలకు టికెట్లు అమ్మే ఒక చిన్న ప్రైవేటు ఆఫీసులో కంప్యూటర్లు చూసేదాన్ని. అసలు కంప్యూటరు చెన్నైలో ఎక్కడో ఉంటుంది. ఇక్కడినుంచి అందులోకి వెళ్ళడానికి నా లాప్‌టాప్‌లో ఒక రహస్య ఫైలు ఉండేది. దాన్ని కీ అంటాం. ఆ కీ తెరవడానికి పొడుగాటి పాస్‌వర్డ్. దాంతో లోపల ఎవరు ఏం చేసినా నా పేరు మీదే నమోదవుతుంది.

విశాఖలో చెల్లెలి పెళ్ళికి సెలవడిగాను. ఓడలో మూడు రోజులు ఫోను పలకదు. మేనేజరు సంతకం పెట్టకుండా పెన్ను తిప్పుతూ కూర్చున్నాడు.

"ఏటమ్మా, ఓడెక్కేముందు ఇంటి చాబీ పక్కింట్లో ఇవ్వవా? ఇది భీ అంతే. లాప్‌టాప్ ఇక్కడెట్టి, పాస్‌వర్డ్ రాసిచ్చెళ్ళు."

"మీకు వేరే కీ చేసిస్తాను సార్. ఐదు నిమిషాల పని."

"నీది ఉండగా నాకు వేరేది ఎందుకమ్మా?"

లాప్‌టాప్ అక్కడే పెట్టి, రాసిచ్చాను. తప్పు నాదే, కాదనను. ఆ కాగితాన్ని నా కళ్ళముందే గోడ క్యాలెండరుకు పిన్నుతో గుచ్చి, అప్పుడు సంతకం పెట్టాడు.

తిరిగొచ్చి ఓడ దిగానో లేదో, సామానుతోనే ఆఫీసుకు రమ్మన్నాడు యజమాని. నీల్ దీవి నుంచి ఇక్కడి ఆసుపత్రికి రావాల్సిన ఒక ముసలావిడ టికెట్ రద్దయింది. ఆ సీటులో మేనేజరు బావమరిది వచ్చాడు. రద్దు చేసింది నేనేనని కంప్యూటరులో నా పేరు నమోదైంది.

"ఆరోజు నేను నడిసముద్రంలో ఉన్నాను సార్," అంటూ యజమాని ముందు ఓడ టికెట్ పెట్టాను.

"అయితే పాస్‌వర్డ్ ఎవరికిచ్చావు?"

మేనేజరు వైపు చూపించాను.

"నాకెందుకిస్తాది సార్? ఆవిడ చాబీ, ఆవిడ పేరు," అన్నాడు, కనురెప్ప కూడా ఆర్పకుండా.

క్యాలెండరు వైపు చూశాను. పిన్ను ఉంది, కాగితం లేదు. ఎవరికిచ్చినా ఇవ్వడమే నేరమని యజమాని తేల్చాడు. నా ఉద్యోగం పోయింది.

ఇంటికి వెళ్ళేసరికి పక్కింటావిడ తాళంచెవితో గుమ్మంలో నిలబడి ఉంది.

"మొక్కలకి రోజూ పానీ పోసినాను దీదీ. తలుపు తీసి గాలి భీ ఆడించినాను."

పదేళ్ళుగా ఓడెక్కిన ప్రతిసారీ తాళం ఆవిడకే ఇచ్చాను. ఇంట్లో ఒక్క చెంచా పోలేదు. అయినా మర్నాడు బజారుకెళ్ళి కొత్త తాళం కొనుక్కొచ్చి వేశాను. ఆవిడ తన గుమ్మంలోంచి చూసింది. ఆ తర్వాత నన్ను దీదీ అని పిలవలేదు.