గడప బయట రబ్బరు చెప్పులు

మా చిన్నాన్న పోయాడు. రాజాంలో ఒక ధాన్యం వ్యాపారి ఆఫీసులో, పట్టపగలు, కరెంటు షాకు కొట్టి పోయాడు. పేపర్లో ఓ మూల ‘ప్రమాదవశాత్తు’ అని వేశారు. పరామర్శకు వచ్చినవాళ్లు మా పిన్ని చెయ్యి పట్టుకుని ‘ఆయుష్షు అంతే’ అంటున్నారు. ఆ మాట విన్న ప్రతిసారీ నాకు ఒళ్లు మండిపోతోంది. అందుకే ఇది రాస్తున్నాను.

రాజాం, బొబ్బిలి, గరివిడి చుట్టుపక్కల చిన్న ఆఫీసుల్లో కంప్యూటరు మొరాయిస్తే పిలిచేది మా చిన్నాన్ననే. ఎరువుల కొట్టయినా, పాస్టరు గారి ఆఫీసు గదైనా, పాత స్కూటరేసుకుని వచ్చేవాడు. వస్తూనే విసుక్కునేవాడు. నేను ఒక ప్లీడరు గారి దగ్గర టైపింగు చేస్తాను. దసరాకి మేము కంప్యూటరుకి పసుపూ కుంకుమా పెట్టి, కొబ్బరికాయ కొట్టి, ఆ నీళ్లు కీబోర్డు మీద చల్లేవాళ్లం. మర్నాడు చిన్నాన్న రావలసిందే.

“ఏటమ్మా, దీనికి తలంటు పోసినారేటి? దణ్ణం ఎట్టండి, సాలు. తాగడానికి నీళ్లియ్యకండి,” అనేవాడు.

కంప్యూటరు లోపలుండే ర్యామ్ ముక్క ఊడదీసి, బడిపిల్లలు వాడే రబ్బరుతో దాని అంచు రుద్ది పెడితే సగం రోగాలు కుదిరేవి. ఆ రబ్బరు ముక్క చొక్కా జేబులో టెస్టరు పక్కనే ఉండేది. నాకు మౌసు పట్టుకోవడం నేర్పింది ఆయనే. ఈవేళ నేను తింటున్న అన్నం ఆయన నేర్పిన పనిదే.

అయితే మూత విప్పే ముందు ఆయన తిన్నగా పెరట్లోకి వెళ్లి, ఎర్తింగ్ గొయ్యిలో బకెట్టు నీళ్లు పోసి వచ్చేవాడు. కరెంటు దారి తప్పి ఇనుములోకి వస్తే, మనిషిని పట్టుకోకుండా నేలలోకి దిగిపోయే దారి ఆ గొయ్యే. అది ఎండిపోతే పనిచేయదు. మాకదంతా నవ్వులాట. “సిన్నాన్న గొయ్యికి అభిషేకం సేస్తన్నాడు,” అని ఏడిపించేదాన్ని.

“నవ్వు, నవ్వు. మెషీను పోతే కొత్తది తెత్తాను. నిన్నెక్కణ్నుంచి తెత్తానే?” అనేవాడు.

ఆ ధాన్యం వ్యాపారి పెరట్లోనూ ఇలాంటి గొయ్యి ఉండేది. వాస్తు చెప్పేవాడెవడో ఆ మూల గొయ్యి ఉండకూడదన్నాడట. పూడ్పించి, తీగ కోయించి, పైన టైల్సు పరిపించాడు. చిన్నాన్న వెళ్లి పెద్ద గొడవే పడ్డాడు. “ఇంకో మూలైనా తవ్వించండి. అందాకా మీ గడప తొక్కను,” అని చెప్పి వచ్చేశాడు. అన్నట్టుగానే చాలాకాలం తొక్కలేదు.

జీఎస్టీ వచ్చాక సరుకు బిల్లు కంప్యూటర్లోంచే తియ్యాలి, అది ఆగితే లారీ కదలదు. ఆ రోజు చిన్నాన్న మా ఆఫీసులో ప్రింటరు చూస్తున్నాడు. చేతికి ఇంకు అంటిందని ఫోను స్పీకరులో పెట్టాడు. నేను నా చెవులతో విన్నాను.

“గొయ్యి తవ్వించీసినాం బాబూ, నువ్వన్నట్టే. కంప్యూటరు ఆగిపోనాది, లారీ నిలిసిపోనాది. ఓపాలి వచ్చి సూడు,” అన్నాడు వ్యాపారి.

చిన్నాన్న ముఖం విప్పారింది. “సూసేవా, ఇన్నాళ్లకి నా మాట ఇన్నారు,” అని సంబరంగా వానలోనే బయల్దేరాడు.

గొయ్యి తవ్వించలేదు. అది పచ్చి అబద్ధం.

ఆ ఆఫీసులో లక్ష్మీదేవి పటం ఉంది కాబట్టి ఎవరైనా సరే చెప్పులు గడప బయటే విడవాలి. చిన్నాన్న రబ్బరు చెప్పులు విడిచి తడికాళ్లతో లోపలికెళ్లాడు. వంగబోతూ, కంప్యూటరున్న ఇనుపబల్ల మీద చెయ్యి ఆనించాడు. టెస్టరు జేబులోనే ఉండిపోయింది.

ఆసుపత్రి దగ్గర వాళ్ల గుమస్తా నా ముందు నిలబడి ఏడ్చాడు. “బల్ల సురుక్కుమంటాదని మాకు తెల్సమ్మా. అందుకే కాళ్ల కింద సెక్కేసుకుని కూకుంటాం. సెప్పేలోగానే సెయ్యేసీనాడు.”

తెలుసు! అందరికీ తెలుసు. తమ కాళ్ల కింద చెక్క వేసుకోవడం తెలిసినవాళ్లకి, వచ్చేవాడికి ఫోనులో ఒక్క మాట చెప్పడం తెలియలేదా? చెబితే రాడని తెలుసు, అందుకే చెప్పలేదు. దీన్ని ఆయుష్షు మీదకి తోసేసి చేతులు దులుపుకుంటే నేనొప్పుకోను.

పైగా ఆ వ్యాపారే మెయిన్‌రోడ్డులో చిన్నాన్న బొమ్మతో ఫ్లెక్సీ కట్టించాడు. కింద ‘అజాతశత్రువు’ అని రాయించాడు. ఎవరితోనూ గొడవ పడనివాడట! నీతోనే కదయ్యా పడ్డాడు. నీ ప్రాణం కోసం, నీ గుమస్తా ప్రాణం కోసం పడ్డాడు. నాకు చిన్నాన్న మీద కూడా కోపంగానే ఉంది. ఊళ్లో ప్రతి తీగనీ అనుమానంగా చూసే మనిషి, ఫోనులో ఆ వ్యాపారి చెప్పిన మాటని ఎందుకు నమ్మాలి?

పెద్దకర్మ అయ్యాక ఆయన పనిముట్ల సంచి తెచ్చుకుందామని ఆ ఆఫీసుకి వెళ్లాను. పెరట్లో టైల్సు పగలగొట్టి కొత్త గొయ్యి తవ్వారు. బొగ్గూ ఉప్పూ వేసి, ఎవరో అప్పుడే బకెట్టుతో నీళ్లు పోసి వెళ్లినట్టున్నారు, నేలంతా తడిగా ఉంది. లోపల పటం ఎక్కడిదక్కడే ఉంది. గుమస్తా, వ్యాపారి, బస్తాలు మోసేవాళ్లు, అందరూ చెప్పులేసుకునే తిరుగుతున్నారు.

గడప బయట మాత్రం ఒకే ఒక్క జత ఉంది. పోయినవాడివని ఎవరూ ముట్టుకోలేదు. పని కాగానే తొడుక్కుని వెళ్లిపోవడానికి వీలుగా, వీధి వైపు తిప్పి విడిచిన రబ్బరు చెప్పులు.