బొడ్డు రాలకముందే

హుకుంపేట దాటాక రోడ్డు ఆగిపోయిన చోటు నుంచి కొండెక్కితే వస్తుంది రాజులమ్మ ఊరు. తొంభైల చివర్లో ఆమె అక్కడికి కోడలిగా వచ్చింది. తొలి కాన్పులో పుట్టిన మగబిడ్డ పేరు పెట్టకముందే పోయాడు. వాడు పాలు మానేసి మూలుగుతుంటే ఇంట్లో అందరూ దిసారి కోసం చూశారు. కీడు ఎటునుంచి వచ్చిందో చెప్పి పూజ చేసే పెద్దమనిషి ఆయన. ఆయన వచ్చేసరికి మూలుగు ఆగిపోయింది. ఆ తర్వాత ఆ మాట ఎవరూ ఎత్తలేదు. రాజులమ్మకి మాత్రం చేలో వంగి కలుపు తీస్తున్నా ఆ మూలుగు వినబడేది.

తర్వాత ఒక చలికాలంలో ఆడపిల్ల పుట్టింది. భర్త భీముడు చింతపల్లి వైపు కాఫీ పళ్ల కోతకి వెళ్లి ఉన్నాడు. కొద్ది రోజులకే పిల్ల రొమ్ము పట్టడం మానేసింది. అరికాళ్లు చల్లబడ్డాయి.

"అత్తా, గుంట ఏడవతం నేదు," అంది రాజులమ్మ.

"దిసారికి కబురెట్టినాను. సంత నుంచి రానీ," అంది సోములమ్మ. "బొడ్డు కూడా రాలనేదు. నువ్వు గడప దాటితే ఊరంతటికీ మైల."

అది కోపం కాదు. తనూ కొందరు బిడ్డల్ని మట్టిలో పెట్టిన మనిషి, ఆమెకి ఆశ పడడమంటేనే భయం.

ఎవరైనా ఆస్పత్రికి వెళ్లమంటారేమోనని రాజులమ్మ గుమ్మంలో కూర్చుంది. చేలకి పోతున్న ఆడవాళ్లు పలకరించకుండానే దాటిపోయారు. పిల్ల బుగ్గ మీద వేలు పెట్టి నిమిరింది. పిల్ల నోరు తెరవలేదు. లేచి, పిల్లని చీరకొంగుతో గుండెకి కట్టుకుని కొండ దిగసాగింది. వెనక నుంచి అత్త పిలిచింది కానీ వెంట రాలేదు.

పచ్చి బాలింత. దారిలో రక్తం కారింది, కళ్లు తిరిగాయి. రాతి మీద కూలబడి, మళ్లీ లేచింది. రోడ్డు మీద జీపు దొరికింది.

"ఇంత సల్లగా అయిపోయేదాకా ఏటి సేత్తన్నారు? నీతో ఎవరొచ్చారు?" అని కసిరింది ఆస్పత్రిలో నర్సు నిర్మల.

"ఎవులూ రానేదు."

నర్సు పిల్లని అందుకుంది. పిల్ల బట్టలు విప్పి తల్లి గుండెకి ఆనించి దుప్పటి కప్పింది. సూది వేసింది. చనుబాలు పిండి చెంచాతో పట్టడం చూపించింది.

పక్క మంచాల దగ్గర అత్తలూ అమ్మలూ ఉన్నారు. రాజులమ్మ బయటికి వెళ్లాలన్నా పిల్లని పట్టుకునే చెయ్యి లేదు. కట్టుకునే వెళ్లేది. ఒక పొద్దున పిల్ల గుక్కపట్టి ఏడ్చింది. పక్క మంచం ఆవిడ విసుక్కుంది. రాజులమ్మ ఊరుకోబెట్టలేదు, వింటూ కూర్చుంది.

ఇంటికొచ్చాక సోములమ్మ చాలాకాలం ఆమె చేతి అంబలి తాగలేదు. కోత నుంచి వచ్చిన భీముడు, "ఎవుల్నడిగి ఎల్లినావు?" అన్నాడు.

"అడగతానికి ఎవులున్నారు?"

అతను పిల్ల వంక చూశాడు. చిట్టి అని పేరు పెట్టారు.

చిట్టి బడికి పోయే వయసులో, ఆ ఊరికి కొత్తగా కోడలిగా వచ్చిన రత్నాలు వేలాడిపోతున్న పసిగుడ్డుతో రాజులమ్మ దగ్గరికి వచ్చింది.

"ఎల్లమంటావా, అక్కా?"

వెళ్లమని చెప్పడానికి రాజులమ్మకి నోరు రాలేదు. ఆ బిడ్డకి ఏమైనా అయితే? దుప్పటి తీసుకుని, "పద, బేగి," అంటూ ముందు నడిచింది.

సగం దారిలో రత్నాలు అడిగింది. "అప్పుడు నువ్వొక్కదానివే వచ్చినావా ఈ దారిన?"

"ఊఁ," అంది రాజులమ్మ. వాళ్లు ఆగకుండా దిగుతూనే ఉన్నారు.