కోరా గుడ్డతో మిర్రరింగ్

ఎదుటి మనిషి మనసును మీట నొక్కినట్టు తిప్పేయొచ్చని ఎవరైనా చెబితే నమ్మకండి. నేను నమ్మాను. ఒక్క పూటలో మా మామయ్య పన్నెండు మగ్గాలను మూయించబోయాను.

అప్పుడు నాకు ఇరవై నాలుగేళ్లు. తమిళనాడులో రాజపాళయం పక్కనున్న సత్రపట్టిలో బ్యాండేజీ గుడ్డ నేయించే మామయ్య దగ్గర అమ్మకాలు చూసేవాణ్ణి. మదురైలో రెండు రోజుల ఎన్‌ఎల్‌పి క్లాసుకు వెళ్లొచ్చాను. న్యూరో లింగ్విస్టిక్ ప్రోగ్రామింగ్! ఆ పేరు తడబడకుండా పలికేసరికే మేధావినైపోయాననిపించింది. ర్యాపో అంటే ఎదుటివాళ్లకు మనం సొంత మనిషిలా అనిపించడం. అందుకోసం వాళ్లెలా కూర్చుంటే అలా కూర్చోవడం, ఏం చేస్తే అది చేయడం మిర్రరింగ్. యాంకరింగ్ అంటే వాళ్లు నవ్వేటప్పుడు మోచేయి తాకడం. తర్వాత అక్కడే తాకితే ఆ సంతోషం తిరిగొస్తుందట. చెడిపోయినదాన్ని మంచిగా చూపించడం రీఫ్రేమింగ్. అది నాకు చిన్నప్పటి నుంచే వచ్చు, మా లెక్కల మాస్టారిని అడగండి.

రాజపాళయంలో ఆస్పత్రులకు సరుకు పంపే గోపాల్‌సామి గారి ఆఫీసుకు మామయ్యతో వెళ్లాను. ఆయన ఆర్డర్ రాకపోతే మగ్గాలు ఆగిపోతాయి. ఆయన కాలు మీద కాలు వేస్తే నేనూ వేశాను. చెవి గోక్కుంటే నేనూ గోక్కున్నాను.

"ఏమిరా, చెవిలోకి చీమ పోయినాదా?" అన్నారు మామయ్య.

గోపాల్‌సామి గారు ఫక్కున నవ్వారు. చటుక్కున ఆయన మోచేయి తాకాను. ఏదైనా మరక అంటిందేమోనని ఆయన చొక్కా చూసుకున్నారు.

తర్వాత మా శాంపిల్‌లోంచి ముక్క కత్తిరించి తన నీళ్ల గ్లాసులో వేశారు. మా వ్యాపారంలో పరీక్ష అదే. మంచి బ్యాండేజీ గుడ్డ నీళ్లు పీల్చుకుని వెంటనే మునగాలి. మునిగింది.

"బాగుండాదప్పా. ఆర్డర్ రాసుకోండి."

మీరైతే దండం పెట్టి లేచేవారు. నేను మిర్రరింగ్‌లో ఉన్నాను కదా! ఆయన ముంచారు, నేనూ ముంచాలి. ఒళ్లో ఉన్న గుడ్డలోంచి ఆయన కత్తెరతోనే ముక్క కత్తిరించి, నాకిచ్చిన నీళ్ల గ్లాసులో వేశాను. అది శాంపిళ్లు చుట్టి తెచ్చిన కోరా గుడ్డ. ఉడకబెట్టి తెల్లగా చేయనిది, నీళ్లు పీల్చదు. హాయిగా తేలింది.

"ఏమిది? శాంపిల్ మునిగినాది, ఇది తేలతా ఉండాది! మాకు పంపేది ఏ గుడ్డ?"

పోయిన నవ్వు తిరిగి రావాలిగా! మళ్లీ మోచేయి తాకాను.

"చేయి తీయప్పా!"

ఇక రీఫ్రేమింగే దిక్కు. "సార్, తడవని గుడ్డ అయితే శానా దినాలు ఉంటాది."

"నేను అడిగినది కట్టు కట్టేదానికి, గొడుగు కుట్టేదానికి కాదు!"

మామయ్య నా ఒళ్లోని గుడ్డ లాక్కున్నారు. "అన్నా, అది శాంపిల్ చుట్టి తెచ్చిన కోరా గుడ్డ. వీడు ఏందో క్లాసుకి పోయి వచ్చినాడు. అప్పటినుంచి ఎదురుగా ఉండేవాళ్లు ఏమి చేస్తే అదే చేస్తాడు."

నిజమేనా చూద్దామని గోపాల్‌సామి గారు మెల్లగా తల మీద చేయి పెట్టుకున్నారు. నా చేయి అప్పటికే నా తల మీద ఉంది.

ఆయన కళ్లల్లో నీళ్లు తిరిగేలా నవ్వారు. "సరి, ఆర్డర్ మీకే. అయితే సరుకు వచ్చినాక బేలు బేలుకీ ముక్క కోసి, వీడే నా ఎదురుగా ముంచి చూపించవలె."

మగ్గాలు ఆగలేదు. నేను మాత్రం మూడు రోజులు ఆయన గోడౌన్‌లో బకెట్ ముందు కూర్చుని, మూట మూటలోంచి కోసిన గుడ్డ ముక్కలు ముంచాను. ఆఖరి ముక్క మునిగాక, ఆ బకెట్ మీద చేయి వేసి ప్రమాణం చేశాను. ఆర్డర్ ఇచ్చిన మనిషిని చూసి ఈ జన్మలో నేను తిరిగి చేసేది నమస్కారం ఒక్కటే. అదీ ముందుగా ఆయన పెడితేనే.