బావ చెయ్యని తప్పు

ఈ మాట ఇంతవరకు ఎవరితోనూ అనలేదు. నా భార్యతో అనలేదు, ఆమె పోయింది. అక్కతో అనలేదు, ఆమె ఉంది. మీరెవరో నాకు తెలియదు కాబట్టే మీతో అనగలుగుతున్నాను. ఏళ్లు గడిచేకొద్దీ ఈ బరువు తగ్గుతుందనుకున్నాను. తగ్గలేదు. అలవాటయింది, అంతే. అలా అలవాటు చేసుకోగలిగిన మనిషి ఎలాంటివాడు? ఆ ప్రశ్న దగ్గరే ఎప్పుడూ ఆగిపోతాను.

గంజాం జిల్లా ఇంకా మద్రాసు కింద ఉన్న రోజులవి. బావ మా మేనత్త కొడుకు, మా అక్క భర్త కూడా. బరంపురం బడా బజార్లో వాళ్లకి పట్టుబట్టల కొట్టు ఉండేది. ఆయన మనసు మాత్రం మోటార్ల మీదే. సీమకి తిరిగి వెళ్లిపోతున్న ఒక దొర దగ్గర రెండు సీట్ల పందెపు కారు కొన్నాడు. పొడుగాటి ముందుభాగం, పైన మడిచిపెట్టే గుడ్డ టాపు. ఊళ్లో అంత జోరుగా పోయే బండి మరొకటి లేదు. దాన్ని ఎవరి చేతికీ ఇచ్చేవాడు కాదు. ఆ సంగతి ఊరంతా ఎరుగును. అదే తర్వాత నాకు పనికొచ్చింది.

ఎండలో ఆయన పక్కన కూర్చుంటే కళ్లల్లోంచి నీళ్లు కారేంత జోరుగా పోయేవాడు. నాలుగు చినుకులు పడితే చాలు, వేరే మనిషి అయిపోయేవాడు. నాకు తోలడం నేర్పింది ఆయనే. వాన గురించి చెప్పినంత మరి దేని గురించీ చెప్పలేదు.

"మొదటి వానే సెడ్డదిరా. దుమ్ము నాని జిడ్డయిపోతాది. వంపు రాకముందే జోరు తగ్గించీ. వంపులోకి ఎల్లిపోయాక బ్రేకు మీద కాలెయ్యకు. ఎనక సక్రాలు నీ మాట ఇనవు."

ఇది నాకు తెలుసు. తెలియక చేశానని చెప్పుకునే దారి కూడా నాకు లేదు.

మద్రాసులో సర్కారు ఉద్యోగం ఖాయమైన వారమది. నేను వెళ్లిపోతున్నానని, ఇద్దరం గోపాల్‌పూర్ సముద్రం చూసి వస్తున్నాం. తిరుగుదారిలో బతిమాలాను. ఒక్కసారి చక్రం ఇమ్మన్నాను. ఊరికి పోయేవాడినని కాదనలేక ఇచ్చాడు.

సగం దారిలో వాన మొదలైంది. ఆ ఏడు అదే మొదటి వాన.

"ఆపు, నేను తోల్తాను" అన్నాడు. నేను నవ్వాను. ఆపలేదు. ఎందుకు ఆపలేదు? భయం లేక కాదు. కొంచెం భయంగానే ఉంది, ఆ భయమే బాగుంది. అంత బలమైన బండి నా కాలి కింద ఉండటం, ఆయన అంతటివాడు పక్కన కూర్చుని నన్ను చూడటం, రెండూ బాగున్నాయి. ముందు అద్దం మీద నీళ్లు తుడిచే పుల్లని ఆ రోజుల్లో చేత్తోనే తిప్పాలి. అది సరిగ్గా తుడవడం లేదని బావ లేచి, పక్కకి వంగి, తన కండువాతో నాకోసం అద్దం తుడుస్తున్నాడు. మళ్లీ ఆపమనలేదు. కోప్పడితే నేను కంగారు పడతానని కాబోలు.

వంపులో ఒకామె కనిపించింది. తల మీద బుట్ట, బుట్ట మీంచి కప్పుకున్న గోనెసంచి. గోపాల్‌పూర్ పక్క పల్లెనుంచి బరంపురం చేపలు తీసుకెళ్తోంది. నేను బ్రేకు తొక్కాను. బలంగా తొక్కాను. బండి వెనకభాగం మెల్లగానే పక్కకి జరిగింది, నాకు ఆశ్చర్యపడేంత వ్యవధి ఉంది. అడ్డంగా వెళ్లి ఆమెకి తగిలింది. తర్వాత తాటిచెట్టు.

ఆమె అక్కడే పోయింది. బావ బండిలోంచి ఎగిరి గట్టు మీద పడ్డాడు. నాకు భుజం ఎముక విరిగింది. చేపలు రోడ్డంతా పడి ఉన్నాయి. వాన కురుస్తూనే ఉంది.

ఆస్పత్రిలో డాక్టరు బావ బతకడం కష్టమన్నాడు. ఆ మాట విన్న కాసేపటికే పోలీసు అధికారి వచ్చి, బండి ఎవరు తోలారని నన్నడిగాడు. పోయే మనిషికి ఏ నిందయితే ఏమిటి అనుకున్నాను. నాకు కేసయితే ఉద్యోగం పోతుంది. బావ తోలాడని చెప్పాను. అధికారి మారుమాట లేకుండా రాసుకున్నాడు. ఆ బండిని బావ కాక ఇంకెవరు తోలతారు?

బావ బతికాడు.

కళ్లు తెరిచినప్పుడు నేనే పక్కన ఉన్నాను. అక్క గంజి తేవడానికి ఇంటికి వెళ్లింది. పైకప్పుకేసి చూసి, నా వైపు తిరిగాడు.

"ఏటైనాదిరా?"

"వానకి బండి జారిపోనాది బావా."

"గోపాల్‌పూర్లో టీ తాగినాం. ఆ తర్వాత నాకేటీ గుర్తు లేదు." మళ్లీ అడిగాడు. "ఎవులికైనా తగిలిందా?"

"ఒకామె. సచ్చిపోనాది."

ఆయన కళ్లు మూసుకున్నాడు. మళ్లీ తెరిచి నా ముఖంలోకి చూశాడు.

"బండి ఎవులు తోలినారు?"

నిజం చెప్పడానికి అంతకంటే మంచి సమయం రాదు. గదిలో ఇంకెవరూ లేరు. ఆయన నన్ను తిట్టడని కూడా తెలుసు. బహుశా, పోనీలే, నేనే అని ఉండనీ, అనేవాడు. నా కోసం ఆ నింద తెలిసే మోసేవాడు. అయినా నా నోటమ్మట వచ్చిన మాట ఇది:

"నువ్వే బావా."

మొదటి అబద్ధం చచ్చిపోతాడనుకున్న మనిషి మీద చెప్పాను. దానికి ఏదో ఒక సాకు ఉంది. రెండోది నా ముఖంలోకి చూస్తున్న మనిషికి చెప్పాను. నేను ఒప్పుకుంటున్నది ఆ రెండోదాన్ని.

విచారణలో తప్పు వాన మీదికి పోయింది. బావకి శిక్ష పడలేదు. నేను మద్రాసు వెళ్లిపోయాను. బావ మాత్రం మళ్లీ చక్రం ముట్టుకోలేదు. బరంపురం నుంచి రసెల్‌కొండకి, ఇప్పుడు భంజనగర్ అంటున్నారే, అక్కడికి బస్సులు నడపాలని ఆయన కోరిక. దాని మాటే ఎత్తలేదు. కొట్లో కూర్చుని చీరలు మడతపెట్టాడు. ఏటా తొలివాన పడ్డాక ఆ పల్లెకి నడిచి వెళ్లి, చనిపోయినామె భర్త దగ్గర కూర్చుని వచ్చేవాడట. మొదట్లో అతను వలలోంచి తలెత్తేవాడు కాదట. తర్వాత్తర్వాత చాప వేసేవాడట. ఇవన్నీ అక్క నాకు చెప్పింది. నాతో చెప్పుకుని ఏడ్చింది కూడా.

ఒకసారి సెలవుకి వచ్చినప్పుడు, మేడ మీద బట్టలు ఆరేస్తుంటే నా చెయ్యి పైకి లేవకపోవడం బావ చూశాడు.

"నా వల్లే కదరా. నిన్ను కూడా అవిటోణ్ని సేసినాను. మనసులో పెట్టుకోకు."

"పోనీలే బావా" అన్నాను.

అంటే, క్షమించాను. ఆయన్ని, నేను. ఆ మాట ఎంత సులువుగా వచ్చిందో తలుచుకుంటే, తోలింది ఆయనేనని అప్పటికి నేను కూడా నమ్మడం మొదలుపెట్టానేమో అనిపిస్తుంది. నమ్మానా? లేదు. నమ్మినట్టు ఉండటం నేర్చుకున్నాను.

పోయిన వేసవిలో బావ కాలం చేశాడు. చివరి రోజుల్లో పక్కనే ఉన్నాను. చెప్పడానికి వీలుంది. ఇంత ఆలస్యంగా చెప్పి ఆయన జీవితమంతా వృథా అని తెలియజేయడం క్రూరమని నాకు నేనే నచ్చజెప్పుకున్నాను. అది దయో, మళ్లీ పిరికితనమో ఇప్పటికీ తేల్చుకోలేదు. పిరికితనమే అయి ఉంటుంది.

ఆమె పేరు గురువమ్మ. ఆ పేరు కూడా బావ ద్వారానే తెలిసింది. నేను ఎన్నడూ అడగలేదు.

అక్కకి చెప్తానా? ఏమో. మీరు నన్ను ఏమనుకున్నా సరే, మన్నించమని అడగను. మన్నించగలిగిన వాళ్లెవరూ లేరు. ఒక్కటి మాత్రం ఈ చేత్తో మొదటిసారి రాస్తున్నాను, రాస్తుంటే ఊపిరి కాస్త ఆడుతోంది. ఆ వేళ బండి తోలింది నేను.