సుమిత్రమ్మ ఆగస్టు ఏడు

దిల్‌సుఖ్‌నగర్‌లో కోచింగ్‌కు వచ్చే అమ్మాయిలుండే హాస్టల్లో సుమిత్రమ్మ వంటమనిషి. నల్గొండ వైపు పల్లె నుంచి వచ్చి ఇరవై ఏళ్లయింది. ఎవరైనా తినకుండా బయటికి పోతే ఆమె ప్రాణం విలవిల్లాడుతుంది. ఆలస్యమైందని మొత్తుకునే పిల్లకు కూడా ముద్ద నోట్లో పెడితేగానీ వదలదు. అదొక జబ్బే అనుకోండి.

2024 ఆగస్టు ఏడు మధ్యాహ్నం పిల్లలంతా అన్నం ముందు పెట్టుకుని టీవీకి అతుక్కుపోయారు. ఒలింపిక్స్ ఫైనల్ చేరిన మన కుస్తీ అమ్మాయి వంద గ్రాములు ఎక్కువ తూగిందని పోటీలోంచి తీసేశారట. మూడేళ్ల కిందట ఇదే తేదీన జావెలిన్‌లో బంగారం వచ్చిందని ఒక పిల్ల గుర్తుచేసింది.

ఆ తేదీ సుమిత్రమ్మకు ఒకరు చెప్పాలా? బంగారం వచ్చిందని వీధంతా పటాకులు కాలుస్తుంటే, ఆమె కూతురు సౌందర్య సరూర్‌నగర్‌లో జరిగిన కుస్తీ ఎంపిక పోటీల నుంచి తల వంచుకుని ఇంటికొచ్చింది. ఓడిపోయానంది, అంతే. వయసు ప్రకారం అదే ఆఖరి అవకాశం.

"తూకం ఎక్కువైతే అసలు ఆడనియ్యరా బిడ్డా?"

"ఆడనియ్యరు ఆంటీ. అందుకే పోటీకి ముందు నీళ్లు గూడ తాగరు," అంది ఆ పిల్ల.

సుమిత్రమ్మ గరిటె గిన్నెలో పడేసింది.

ఆనాడు పొద్దున్నే, రెండు రోజులుగా పచ్చి మంచినీళ్లు ముట్టని కూతుర్ని గుమ్మంలో ఆపింది తనే. మంచి పనికి పోతూ పెరుగూ చక్కెరా తినకుండా ఎలా పంపుతుంది? వద్దమ్మా అన్నకొద్దీ తన మీద ఒట్టు పెట్టి గిన్నెడు తినిపించింది. ప్రేమా, మూర్ఖత్వమా అంటే రెండూనూ. పైగా ఈ మూడేళ్లూ, తినక బలం లేకనే ఓడావని దెప్పుతూ వచ్చింది. పిల్ల ఒక్కనాడూ ఎదురు చెప్పలేదు.

సుమిత్రమ్మ చేతులైనా కడుక్కోకుండా, ఎల్బీనగర్‌లో సౌందర్య పనిచేసే చీరల దుకాణానికి పోయింది.

"నువ్వు ఓడిపోలే గద బిడ్డా? నిన్ను ఆడనియ్యనే లేదు గద?"

సౌందర్య చేతిలో చీర మడతపెట్టడం ఆపలేదు.

"ఎంత ఎక్కువొచ్చింది?"

"నూట యాభై గ్రాములు."

"మరి నాకెందుకు చెప్పలే?"

"చెప్తే నువ్వు మళ్ల ఎవ్వరికీ అన్నం పెట్టలేవమ్మా."

సుమిత్రమ్మ కొంగు నోట్లో కుక్కుకుని దుకాణం నేల మీదే కూలబడింది. సాయంత్రం హాస్టల్లో పొయ్యి వెలగలేదు. పిల్లలు బయట తిన్నారు.