ఆరోగ్యవంతుల వరుసలో చిన్నమ్మ

తమిళనాడులోని విరుదునగర్‌లో నేను పనిచేసే ల్యాబులో అండాశయ క్యాన్సర్ మీద పరిశోధన జరుగుతోంది. ఒంట్లోని బాక్టీరియా కంటికి కనపడనంత చిన్న తిత్తులను విడుస్తూ ఉంటుంది. రక్తంలో ఆ తిత్తుల ప్రోటీన్లను చూసి రోగాన్ని ముందే పసిగట్టవచ్చా అన్నది మా ప్రశ్న. ఇంకా జవాబు దొరకలేదు. పోల్చి చూడటానికి ఏ జబ్బూ లేని ఆడవాళ్ల రక్తం కూడా కావాలి. ఎవరూ ముందుకు రాకపోతే, కోవిల్‌పట్టి పక్క ఊళ్లో ఉండే మా చిన్నమ్మను బతిమాలి తీసుకొచ్చాను. నన్ను పెంచింది ఆవిడే.

ఆ రోజు ఫారం చూస్తూ అరవంలో అడిగాను. కడుపు ఉబ్బరం ఉందా, నొప్పి ఉందా, ఆకలి తగ్గిందా? అన్నింటికీ "ఇల్లె" అంది. లేదు అని రాసుకుని, ఆవిడ రక్తం గొట్టానికి ఏడో నంబరు వేసి, ఆరోగ్యవంతుల వరుసలో పెట్టాను.

కొన్ని వారాలకు ఫలితాలు వచ్చాయి. ఏడో నంబరు పోయి రోగుల గుంపులో కూర్చుంది.

"గొట్టాలు తారుమారయ్యాయి, అది తీసెయ్" అన్నారు మా సారు.

చీటీ అంటించింది నేనే. తారుమారు కాలేదని నాకు తెలుసు. ఈ పరీక్షతో రోగం తేలదని పదిమందికి చెప్పేదాన్ని, నాకు నేను చెప్పుకోలేకపోయాను. ఆ పూటే చిన్నమ్మ ఊరికి బస్సెక్కాను.

ఇంట్లో చిన్నమ్మ మినుములు చెరుగుతోంది. ఈసారి తెలుగులో అడిగాను.

"ఉబ్బరమా? నాలుగు నెలలుగా ఉండాది పాపా. రెండు ముద్దలకే కడుపు నిండిపోతాది. వామునీళ్లు తాగతానే ఉండాను."

"మరి ఆ పొద్దు లేదంటివే?" నాకు కోపం ముంచుకొచ్చింది.

"నువ్వు అరవంలో అడిగితివి. పక్కన నర్సు ఉండె. ఇంటి బాద బయటి మాటలో చెప్పుకుంటామా?"

చెంప చెళ్లుమన్నట్టయింది. మా ఇళ్లలో అంతే. గడప దాటితే అరవం, లోపల తెలుగు. ఆడవాళ్ల నొప్పులు గడప దాటవు. బుద్ధెరిగినప్పటి నుంచి తెలిసిన సంగతే, నా మతి ఏమైపోయింది?

మర్నాడు కోవిల్‌పట్టిలో స్కానింగుకు తీసుకెళ్లాను. ఏమైనా ఇబ్బంది ఉందా అని డాక్టరమ్మ అరవంలో అడిగింది. నా కళ్లముందే మళ్లీ "ఇల్లె" అంది చిన్నమ్మ. నేను అడ్డుపడి అన్నీ చెప్పేశాను, అరవంలోనే, అందరి ముందూ. చిన్నమ్మ సిగ్గుతో నా చేయి గిల్లింది.

స్కాన్ చేస్తూ డాక్టరమ్మ తెర మీద ఒకచోట చూపు ఆపింది. కడుపులో నీరు చేరింది, అండాశయం మీద గడ్డ ఉంది అని అరవంలో చెప్పింది.

చిన్నమ్మ నా వైపు తిరిగింది. ఆవిడకు అరవం నాకంటే బాగా వచ్చు.

"ఏమంటాది పాపా? మన మాటలో చెప్పు" అంది.